కేరీ పండితుని దినచర్య

ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్ మండలములో పాలర్స్‌పరీ యను పల్లె కలదు. అచ్చట 1761 ఆగస్టు 17వ తేదీన విలియం కేరీ జన్మించెను. తండ్రి మొదట నేతపనివాడు, తరువాత ఆ యూరి బడిపంతులు. ఇంట కలిమి లేదు. ఎండ సోకిన చర్మము చెడు వ్యాధి యుండుటచే బాలుడు పొలము పనికి తగడని యెంచి, పెద్దలు అతనిని చెప్పులు కుట్టు వృత్తిలో చేర్చిరి. చేత పని చేయుచు, ప్రక్కన పుస్తకము విప్పియుంచుకొని, కేరీ పరభాషలను నేర్చుకొన నారంభించెను. లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలు క్రమముగా పట్టుబడెను. కళాశాల ముఖమైనను చూడని యువకునకు ఇది యెట్లు సాధ్యమయ్యెనని ఆశ్చర్యపడ నక్కరలేదు. అతడు చదివినది దినమునకు కొంచెమే. కాని చదువని దినము లేదు.

యౌవనమున అతనికి క్రైస్తవమతమందు గాఢమైన విశ్వాసము కుదిరెను. కాలము దేవుడు అప్పగించిన ధనమనియు, దానికి లెక్క చెప్పవలసి యుండుననియు క్రైస్తవులు తలంతురు. కేరీ నడవడిలో ఆ భావము స్పష్టముగా కానవచ్చును.

1793లో ఆయన భార్యాబిడ్డలతో వంగదేశము చేరెను. నీలిమందు కర్మాగారమున పనిచేసి కుటుంబమును పోషించెను. మరుసటి యేడు అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. భార్య డొరొతీకి మతి చలించెను. 1807లో మరణించు వరకు ఆమె కోలుకొనలేదు. ఆమె మనఃపూర్వకముగా ఈ దేశమునకు వచ్చినది కాదు. ఆమె పడిన బాధను తలచినపుడు కేరీని పూర్తిగా సమర్థింప మనసొప్పదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచున్నను, ఆయన తన పనిని మాత్రము విడువలేదు.

1800లో కేరీ డేనిషువారి యేలుబడిలోనున్న శ్రీరాంపురము చేరి, మార్ష్‌మన్, వార్డు అను మిత్రులతో కలసి ముద్రాలయమును నెలకొల్పెను. మరుసటి యేటినుండి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బెంగాలీయు, పిమ్మట సంస్కృతమును, మరాఠీయు బోధించెను. జీతములో అధికభాగమును శ్రీరాంపురపు పనికే యిచ్చెడివాడు.

1806 జూన్ నెలలో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో ఆయన తన ఒకనాటి పనులను తెలిపెను. తఱచుగా ఉత్తరములు వ్రాయలేకపోవుటకు కారణము చెప్పుకొనుటయే గాని, గొప్ప చెప్పుకొనుట ఆయన ఉద్దేశము కాదు. నాడు కలకత్తాలో ఆరు గంటలకు పావుగంట ముందే లేచి, హీబ్రూ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు వరకు ప్రార్థనలో గడపెను. తరువాత పరిచారకులతో కూడి బెంగాలీలో ప్రార్థన జరిపెను. తేనీరు సిద్ధమగు లోపల మున్షీతో పారసీకము చదివెను. ఫలహారము కాగానే పండితునితో కూర్చుండి రామాయణమును ఇంగ్లీషు చేయుట. పది గంటలకు కళాశాల. తిరిగివచ్చి బెంగాలీ అచ్చుకాగితములు దిద్దెను. భోజనానంతరము మత్తయి సువార్తను సంస్కృతములోనికి మార్చెను.

సాయంకాలము ఆరు గంటలయ్యెను. మరియొకరైనచో మేను వాల్తురు. నలువది నాలుగేండ్ల ఆ ఉపాధ్యాయుడు మాత్రము ఒక తెలుగు పండితుని యెదుట శిష్యుడై కూర్చుండెను! మన అక్షరములకు ఆ గంట దక్కినది. ఏడున్నరకు దాదాపు నలువదిమంది యెదుట ధర్మోపదేశము చేసెను. తొమ్మిది నుండి పదునొకండు వరకు మరల అనువాదము. ఆ పిమ్మటనే లేఖ. నిద్రకు ముందు గ్రీకు బైబిలులో ఒక అధ్యాయము.

ఇట్లు గంట గంటగా కూడబెట్టిన శ్రమకు 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున ముప్పు వచ్చెను. శ్రీరాంపురపు ముద్రాలయము తగులబడెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి ఆ వార్త తెల్పెను. రామాయణానువాదములో ఏడాది పని, సంస్కృత నిఘంటువు, బెంగాలీ నిఘంటువులో పెక్కు పుటలు బూడిదయ్యెను. తెలుగు వ్యాకరణమైతే ఒక్క పుటయు మిగులలేదు. అక్షరములు పోతపోయు అచ్చులు మాత్రము దక్కెను. కరగి ముద్దలైన సీసమునే మరల పోతపోసి పనివారు పని సాగించిరి. కేరీయు మరల తన గంటలకు తాను కూర్చుండెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము శ్రీరాంపురమున అచ్చయ్యెను. క్యాంబెల్ దొర వ్యాకరణము 1816లోను, బ్రౌన్ దొర వ్యాకరణము 1840లోను వెలువడినవి.

పనివేళల నింత గట్టిగా పాటించిన ఆయన, వాటిని పూజావిగ్రహములుగా చేసికొనలేదు. 1829 డిసెంబరులో ఒక ఆదివారమున, సతీసహగమనమును నిషేధించు శాసనము బెంగాలీ చేయుటకై ప్రభుత్వము వారినుండి వచ్చెను. ఆదివారము ఆయనకు ఉపదేశ దినము. అయినను ఒక్కనాటి ఆలస్యమువలన ఏ యువతియైన చితి కెక్కవచ్చునని తలచి, ఉపదేశమును ఇతరులకు అప్పగించి, పండితుని పిలిపించి కూర్చుండెను. చీకటి పడునప్పటికి అనువాదము ముగిసెను.

1834 జూన్ 9వ తేదీన కేరీ శ్రీరాంపురముననే కన్నుమూసెను. భారతదేశమున అడుగిడిన పిమ్మట ఆయన ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు.