గణితకవి పావులూరి మల్లన

మోపిదేవి నుండి బయలుదేరి, పులిగడ్డ వారధిపై కృష్ణను దాటి, రేపల్లె, బాపట్ల, చీరాల పట్టణముల మీదుగా పోయినచో, ఇంకొల్లునకు సమీపమున పావులూరను గ్రామము కానవచ్చును. ఆ ప్రాంతమునకు పూర్వకాలమున కమ్మనాడని పేరు. ఆ యూరి పేరే యింటిపేరుగా గల కవి యొకడు, సుమారు తొమ్మిదివందల యేండ్లకు పూర్వము, రాజుల కథలను గాని దేవతల కథలను గాని చేపట్టక, గుణకార భాగహారములను, భిన్నములను, వర్గమూలములను, క్షేత్రఫలములను తెలుగు పద్యములలో కూర్చెను. ఆతడే పావులూరి మల్లన. ఆతని గ్రంథము సారసంగ్రహ గణితము. తెలుగున వెలసిన శాస్త్రగ్రంథములలో నిదియే మొదటిదని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు.

ఈ సంచికలో నాతని చరిత్రము వ్రాయబూనుటకు మాకొక కారణము కలదు. వర్గసమీకరణముల పాఠము మొదలిడిన దినమున పదియవ తరగతి గదిలో నిశ్శబ్ద మావరించుట మేము పెక్కేండ్లుగా చూచుచున్నాము. విద్యార్థులు సూత్రమును వల్లెవేయుదురు. అందు సంఖ్యల నుంచుదురు. వచ్చిన రెండు ఫలములలో నేది గ్రాహ్యమో, యేది త్యాజ్యమో, యేల యట్లయ్యెనో యడిగినచో తల వంచుకొందురు. మేమును బాల్యమున నట్లే నేర్చితిమి గనుక వారిని తప్పుపట్టజాలము. అయితే కొందరు తల్లిదండ్రులు, ఇట్టి లెక్కలు తెలుగున చెప్పినచో తలకెక్కవనియు, మన భాష పురాణములకే గాని శాస్త్రములకు చాలదనియు మాతో ననుచుందురు. వారు మల్లనను గూర్చి వినియుండరని మా తలంపు.

రాజరాజనరేంద్రుడు 1022వ సంవత్సరమున వేంగీరాజ్యమునకు పట్టాభిషిక్తుడయ్యెను. నన్నయభట్టు మహాభారతమును తెనిగింప మొదలిడినది ఆ రాజు కొలువుననే. ఆ రాజే పిఠాపురమునకు సమీపమున నున్న నవఖండవాడ గ్రామమును మల్లన కగ్రహారముగా నొసగెను. ఆ దానము పొందినవాడు మన గణితకవియే యని కొందరు పండితులు చెప్పగా, పొందినవాడు అదే పేరు గల యాతని తాతయనియు, కవి మనుమడనియు మరికొందరు వాదింతురు. మొదటి మతము ననుసరించినచో మల్లన నన్నయకు సమకాలికుడు. రెండవ మతము చొప్పున నాతనికి రెండుతరముల తరువాతివాడు. ఏది యెట్లున్నను, తెలుగుభాష కావ్యభాషగా కన్నులు తెరచుచున్న యా తొలిదినములలోనే లెక్కల గ్రంథము కూడ పుట్టెననుట నిశ్చయము. పద్యకవిత్వమునకు మాత్రమే యా కాలము ప్రసిద్ధి కెక్కుట మాకు కొంత యన్యాయముగ తోచును.

మల్లన తెలుగు చేసిన మూలగ్రంథము గణితసారసంగ్రహము. దానిని సంస్కృతమున రచించినవాడు మహావీరాచార్యుడు. అతడు జైనుడు, 814 మొదలు 878 వరకు మాన్యఖేటము రాజధానిగా నేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు. గ్రహగతులతో కలిపి చెప్పబడుచుండిన గణితమును వేరుచేసి, దానికే యొక గ్రంథము నంకితము చేసిన బుద్ధిశాలి. సంగీతమునకును, వైద్యమునకును, గృహనిర్మాణమునకును, తుదకు వంటకును గణితము కావలసియున్నదని యాతడు గ్రంథారంభమున చెప్పెను. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టముగా వ్రాసినవాడు నాతడే.

మల్లన శివభక్తుడు. శైవులకును జైనులకును పొత్తు కుదరని దినములవి. అయినను మల్లన జైనుని గ్రంథమును తన భాషలోనికి తెచ్చుటకు సంకోచింపలేదు. జినస్తుతి యున్నచోట శివస్తుతి నుంచెను; లెక్కను మాత్రము లెక్కగానే నిలిపెను. మాటకు మాట పెట్టుటతో తృప్తిచెందక, కొన్నిటిని విడిచి, కొన్నిటిని చేర్చి, తెలుగు చదువరికి తగినట్లుగా గ్రంథమును తీర్చెను. గురువు మతమేదియైనను విద్య విద్యయే యని యాతడు నమ్మియుండవలెను.

ఇక మన పాఠమునకు వత్తము. మహావీరుని గ్రంథమున ఒంటెల మందను గూర్చిన లెక్క యొకటి కలదు. మందలో నాల్గవ వంతు అడవిలో నున్నది. మంద వర్గమూలమునకు రెట్టింపు కొండకేగెను. మిగిలిన 15 ఏటియొడ్డున నున్నవి. మంద యెంత? 36 అని సమాధానము. ఒంటెలు మన దివిసీమలో లేవు గనుక, ఆ మచ్చునే మేము కొంగల లెక్క నొకదానిని కట్టి తరగతిలో నిచ్చితిమి. కొంగల గుంపులో నాల్గవ వంతు వరిచేని గట్టున వ్రాలెను. గుంపు వర్గమూలమునకు మూడురెట్లు తాడిచెట్లపై నెక్కెను. తక్కిన 24 కాలువలో చేపలకై కాచియున్నవి. మొత్తము కొంగలెన్ని?

గుంపు వర్గమూలమును యా యనుకొనుడు. తెలియని రాశిని మన ప్రాచీనులు యావత్తావత్తని పిలిచి, దానిని యా యని పొడిగా వ్రాయుచుండిరి. గుంపంతయు యా వర్గము. నాల్గవ వంతు పోగా మిగిలిన ముప్పాతిక, మూడు యా లును 24ను కలిసినంత. నాలుగింట గుణించి మూడింట భాగింపగా, యా వర్గము నాలుగు యా లకును 32నకును సమానమగును. నాలుగు యా లను ఎడమవైపునకు తెచ్చి, ఇరువైపుల 4 కలుపుడు. ఎడమవైపున యా లో 2 తగ్గించినదాని వర్గము, కుడివైపున 36 వచ్చును. ఈ 4 ఎక్కడినుండి వచ్చెనని యడుగని విద్యార్థి సూత్రమునకు దాసుడు. అడిగినవాడు దానికి యజమానుడు. నాలుగింట సగము రెండు, రెండింటి వర్గము నాలుగు. అరకొరగా నున్న చతురస్రమును పూరించుటకది మూలనుంచిన ముక్క. 628వ సంవత్సరమున బ్రహ్మగుప్తు డిచ్చిన విధియు నీ మార్గమునదే. మనము వల్లించు సూత్రము దీనికి సంక్షేపరూపము.

36నకు మూలము 6 అయినచో యా 8, గుంపు 64. గట్టున 16, చెట్లపై 24, కాలువలో 24, లెక్క సరిపోయినది. మూలము ఋణము 6 అయినచో యా ఋణము 4, గుంపు 16. అప్పుడు గట్టున 4, చెట్లపై 12 పోగా కాలువకొక్కటియు మిగులదు, 24 ఎక్కడివి? కావున నా ఫలమును త్రోసివేయవలెను.

అయితే రెండవ ఫలము నెల్లప్పుడు త్రోయరాదు. ఒక బాతుల మందలో పదవవంతు యొక్క వర్గము చెరువులో నీదుచున్నది. తక్కిన 16 ఒడ్డున నున్నవి. మంద 80 అయినచో చెరువులో 64. మంద 20 అయినచో చెరువులో 4. రెండును సరిపోవును! ఈ లెక్క నిచ్చిన దినమున తరగతిలో రెండు పక్షములేర్పడి, మధ్యాహ్నపు గంట మ్రోగువరకు వాదించిరి. అట్టి కోలాహలము మాకెంతయు ప్రియము. ఇట్టి తావుల రెండు ఫలములను నిచ్చు విధిని మహావీరుడు చెప్పియుండెను. మల్లన తెలుగువారి వాకిటికి తెచ్చిన శాస్త్రమట్టిది.

గణితము నీతడు పద్యములలో వ్రాయుట నేటివారికి వింతగా తోచును. తాళపత్రములు సులభముగా దొరకని కాలమున కంఠస్థమగునదే నిలుచును. పద్యమునకు ఛందస్సు కావలి. సంఖ్యలకు బదులు వస్తువుల పేర్లు వాడుట ప్రాచీనుల పద్ధతి: చంద్రుడనిన 1, వేదములనిన 4, మన్మథుని బాణములనిన 5. చదరంగపు 64 గడులలో మొదటిదానియం దొక గింజయు, తరువాతి ప్రతిదానియందు రెట్టింపును నుంచినచో మొత్తమెంతయో తెల్పు నొక పద్యము మల్లనదిగా ప్రసిద్ధము. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది యంకెలు గల యీ సంఖ్యను, ఒకట్ల స్థానము నుండి వెనుకకు, ఒక్క యంకెయు తప్పక, యతిప్రాసలు చెడక, ఒక్క పద్యమున నిమిడ్చెను. ఈ సంఖ్యను కాగితముపై కట్టిచూడుడని మేము పై తరగతులవారిని కోరుచున్నాము. యంత్రమును ముట్టక చేయవలెను సుమా.

1912వ సంవత్సరమున మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యులు ఎం. రంగాచార్యులవారు మహావీరుని మూలమును ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించిరి. దక్షిణదేశమున నా గ్రంథమున కెంతటి ప్రచారముండెనో తెలుపుటకు వారు తమ పీఠికలో, రాజరాజనరేంద్రుని కాలమున వెలసినదని చెప్పి, పావులూరి మల్లన తెలుగు గణితమును పేర్కొనిరి.