నా లిస్టులో ముందు జో లూయిస్

హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరు గొప్ప అంటే చాలామంది మహమ్మద్ అలీ అంటారు. ఇంట్లో తమిళంలో వాదించినా, ఇక్కడ తెలుగులో రాసినా నేను మాత్రం జో లూయిస్ పేరే ముందు పెడతాను.

1914లో అలబామాలో ఒక పేద నల్లజాతి కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. 1937 నుంచి 1949 దాకా టైటిల్ అతనిదే; 25 సార్లు నిలబెట్టుకున్నాడు. 1936లో తనను ఓడించిన జర్మన్ మాక్స్ ష్మెలింగ్‌ని 1938లో మొదటి రౌండ్లోనే పడగొట్టాడు. 1942లో రెండు పోటీల సంపాదన నౌకాదళ, సైనిక సహాయ నిధులకి ఇచ్చేశాడు. నల్లవాళ్ళని విడిగా ఉంచిన ఆ సైన్యంలోనే తనూ చేరాడు. తర్వాత పన్ను బాకీలు మీదపడి మళ్ళీ రింగెక్కాడు, 1951లో మార్సియానో చేతిలో ఓడిపోయాడు.

1981లో పోయినప్పుడు అంత్యక్రియల ఖర్చుకి సాయం చేసినవాళ్ళలో ష్మెలింగ్ కూడా ఉన్నాడు. పడగొట్టినవాడే స్నేహితుడయ్యాడంటే, నా ఓటు జోకే. మీ లిస్టులో ఎవరు?