లార్డ్ కెల్విన్

లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ (జూన్ 26, 1824 - డిసెంబరు 17, 1907) బ్రిటిషు భౌతిక శాస్త్రవేత్త, గణితవేత్త, ఇంజనీరు. ఏ ఒక్క పదార్థపు గుణం మీదా ఆధారపడకుండా ఉష్ణోగ్రతను కొలిచే పరమ ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించినది ఈయనే. ఆ మానంలోని ప్రమాణానికి ఈయన పేరే పెట్టారు. సెల్సియస్ డిగ్రీలకు 273.15 కలిపితే కెల్విన్లు వస్తాయని ఉన్నత పాఠశాల విద్యార్థులందరూ నేర్చుకుంటారు. కూడిక సులభమే. ఎందుకు కలపాలన్నది మాత్రం తరచుగా చెప్పకుండానే పాఠం ముగిసిపోతుంది.

బాల్యము, విద్య

థామ్సన్ ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ థామ్సన్ గణితోపాధ్యాయుడు. తల్లి మార్గరెట్ ఈయనకు ఆరేళ్ళ వయసులో మరణించింది. తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించగా కుటుంబం స్కాట్లండుకు తరలివెళ్ళింది. పదేళ్ళ ప్రాయంలోనే విలియం ఆ విశ్వవిద్యాలయపు తరగతులలో చేరాడు. 1841లో కేంబ్రిడ్జికి వెళ్ళి, 1845లో గణిత పరీక్షలో రెండవ స్థానం పొందాడు. ఆ ఏడాదే పారిస్ వెళ్ళి, ఆవిరి, వాయువుల ధర్మాలను అతి నిశితంగా కొలుస్తున్న రెన్యో ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. కొలతలో ఓపిక ఎంత అవసరమో అక్కడ తెలుసుకున్నాడు. 1846లో, ఇరవై రెండేళ్ళకే, గ్లాస్గోలో ఆచార్యుడై 53 సంవత్సరాలు ఆ పదవిలోనే ఉన్నాడు.

పరమ ఉష్ణోగ్రతా మానం

స్వీడన్‌కు చెందిన ఆండర్స్ సెల్సియస్ 1742లో నీరు గడ్డకట్టే స్థానానికీ మరిగే స్థానానికీ మధ్య నూరు భాగాలు చేశాడు. (ఆయన మొదట మరిగే స్థానాన్ని సున్నగా, గడ్డకట్టే స్థానాన్ని నూరుగా తీసుకున్నాడు, తరువాతివారు దానిని తలక్రిందులు చేశారు.) ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. పాదరసంతో చేసిన ఉష్ణమాపకం, ఆల్కహాలుతో చేసినది సున్న వద్ద, నూరు వద్ద సరిపోయేట్లు గుర్తులు పెట్టినా, నడుమ అవి కచ్చితంగా ఏకీభవించవు. ఏ ద్రవం వ్యాకోచించే తీరు దానిదే. అప్పుడు అసలైన ఉష్ణోగ్రత ఏది?

థామ్సన్‌ను వేధించిన ప్రశ్న ఇదే. దానికి దారి ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ప్రచురించిన గ్రంథంలో దొరికింది. పారిస్ పుస్తకాల అంగళ్ళలో ఎంత వెదకినా ఆ గ్రంథం దొరకక, క్లాపేరాన్ రాసిన వ్యాసం ద్వారానే థామ్సన్ దానిని మొదట తెలుసుకున్నాడు. ఆదర్శ ఉష్ణయంత్రం చేయగల పని దానిలో వాడిన ఆవిరి మీదనో గాలి మీదనో ఆధారపడదు; అది వేడిని తీసుకునే, వదిలే రెండు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుంది. పదార్థంతో నిమిత్తం లేని కొలబద్ద ఇక్కడ ఉందని గ్రహించి 1848లో థామ్సన్ తన వ్యాసాన్ని ప్రకటించాడు.

అయితే ఆ మొదటి మానం నేడు మనం వాడేది కాదు. వేడి ఒక నశించని ద్రవమనే పాత భావనను అప్పటికి ఆయన పూర్తిగా వదలలేదు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో జేమ్స్ జౌల్ ప్రసంగం విన్నాడు. పని వేడిగా మారుతుందన్న జౌల్ మాటను నమ్మడానికి ఆయనకు మూడు నాలుగేళ్ళు పట్టింది. 1851 నుండి ఉష్ణగతిక శాస్త్రాన్ని కొత్త పునాదుల మీద రాశాడు. 1854లో జౌల్‌తో కలిసి ఇప్పటి మానాన్ని నిర్వచించాడు. వాయువుల విషయంలో ముందే తెలిసిన ఒక సంగతి దీనితో అర్థవంతమైంది. పీడనం మారకుండా ఉంటే, ఒక్కొక్క డిగ్రీ చల్లబడినపుడు వాయువు, సున్న డిగ్రీల వద్ద తనకున్న ఘనపరిమాణంలో సుమారు 273వ వంతు తగ్గుతుంది. అంటే సెల్సియస్ మానంలో మైనస్ 273 దగ్గర లెక్క సున్నకు చేరుతుంది. నిజమైన వాయువులన్నీ అంతకు ముందే ద్రవాలవుతాయి కాని, కొలత మొదలుకావలసిన స్థానం అదే. దీనినే పరమశూన్యం అంటారు.

మార్పిడి - విశాఖపట్నం ఉదాహరణలు

సెల్సియస్ ఉష్ణోగ్రత + 273.15 = కెల్విన్ ఉష్ణోగ్రత. కెల్విన్ నుండి సెల్సియస్‌కు రావాలంటే 273.15 తీసివేయాలి. దైనందిన లెక్కలకు 273 చాలు. విశాఖపట్నంలో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే అది సుమారు 313 కెల్విన్లు. చలికాలపు తెల్లవారుజామున 20 డిగ్రీలుంటే 293 కెల్విన్లు. నలభై ఇరవైకి రెట్టింపు కనుక వేడి రెట్టింపయిందనుకోవడం పొరపాటు. పెరిగినది సుమారు ఏడు శాతమే.

కొలిమి దగ్గర ఈ పొరపాటు చిన్నది కాదు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. ఇటువంటి కొలిమిలోకి ఊదే గాలిని ముందుగా స్టవ్‌లలో సుమారు 1000 డిగ్రీలకు వేడిచేస్తారు. 30 డిగ్రీల గాలి 1000 డిగ్రీలకు చేరితే, పీడనం మారదనుకుంటే, ఎంత వ్యాకోచిస్తుంది? సెల్సియస్ అంకెలతో భాగిస్తే 33 రెట్లని వస్తుంది. కెల్విన్లలోకి మార్చి 1273ను 303తో భాగిస్తే 4.2 రెట్లు. రెండవదే సరైనది. మొదటిదాన్ని నమ్మి గొట్టాలు వేస్తే కర్మాగారం నడవదు.

తేడాలకు మాత్రం ఏమీ కలపరాదు. ఒక కెల్విన్, ఒక సెల్సియస్ డిగ్రీ పరిమాణంలో సమానం కనుక 30 నుండి 40 డిగ్రీలకు పెరుగుదల పది కెల్విన్లే, 283 కాదు. విద్యార్థులు తరచుగా జారిపడే చోటు ఇది.

వాయువు సన్నని రంధ్రాల గుండా వ్యాకోచించినపుడు సాధారణంగా చల్లబడుతుందని థామ్సన్, జౌల్ 1852 నుండి చేసిన ప్రయోగాలలో తేల్చారు. దీని ఆధారంగా 1895లో జర్మనీలో లిండె గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చాడు. ఉక్కు కర్మాగారాలకు కావలసిన ఆక్సిజన్‌ను నేడు ద్రవగాలి నుండే వేరుచేస్తారు. ద్రవ ఆక్సిజన్ మరిగేది మైనస్ 183 డిగ్రీల వద్ద, అనగా 90 కెల్విన్లు.

సముద్రంపై కృషి

సామాన్య ప్రజలకు థామ్సన్ పేరు తెలిసింది ఉష్ణశాస్త్రం వల్ల కాదు, సముద్రగర్భ తంతి వల్ల. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన తీగ కొద్ది వారాలకే చెడిపోయింది. మితిమీరిన విద్యుత్పీడనం దానికి చేటు చేసింది. బలహీనమైన సంకేతాలను సైతం పసిగట్టే అద్దపు గాల్వనోమీటరును థామ్సన్ రూపొందించాడు. 1866లో కొత్త తీగ విజయవంతం కాగా సర్ బిరుదు లభించింది. ఇనుప ఓడలలో దారితప్పే దిక్సూచిని సంస్కరించాడు. దాని కిరుప్రక్కలా ఉంచే ఇనుప గోళాలు అప్పటి నావికులకు సుపరిచితాలు. ఆటుపోట్లను ముందుగా లెక్కగట్టే యంత్రాన్ని కూడా నిర్మింపజేశాడు. భారతదేశపు రేవుల కోసం అటువంటి మరొక యంత్రం 1879లో ఇంగ్లండులో తయారైంది.

భూమి వయస్సు వివాదం

కరిగి ఉన్న భూగోళం ఇప్పటి స్థితికి చల్లబడటానికి పట్టే కాలాన్ని 1862లో థామ్సన్ లెక్కించి 2 నుండి 40 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. 1897 నాటికి దానిని 2 నుండి 4 కోట్లకు కుదించాడు. పరిణామవాదానికి ఇది పెద్ద దెబ్బగా తోచింది. ఆయన గణితంలో తప్పు లేదు. భూమి లోపల వేడి వహనం వల్ల మాత్రమే కదులుతుందన్న ఊహ తప్పు. ఒకనాటి సహాయకుడు జాన్ పెర్రీ 1895లోనే ఈ లోపాన్ని చూపినా ఆయన మెత్తబడలేదు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నేడు తెలుసు. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండలలోని ఖొండలైటు శిలలు సుమారు వంద కోట్ల ఏళ్ళ క్రిందట తీవ్రమైన వేడిమికి లోనై రూపుదిద్దుకున్నాయి. ఆయన భూమికిచ్చిన ఆయుష్షు ఈ కొండలకే చాలలేదు.

చివరి రోజులు

మొదటి భార్య మార్గరెట్ క్రమ్ 1870లో మరణించగా 1874లో ఫ్రాన్సెస్ బ్లాండీని వివాహమాడాడు. సంతానం లేదు. 1890 నుండి 1895 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడు. 1892లో ప్రభువర్గంలో చేరినపుడు, గ్లాస్గో విశ్వవిద్యాలయం పక్కన పారే కెల్విన్ అనే చిన్న నది పేరును బిరుదుగా తీసుకున్నాడు. 1907లో లార్గ్స్‌లోని స్వగృహంలో మరణించాడు. లండనులో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి సమీపంలో ఖననం చేశారు.

కెల్విన్ ప్రమాణం

1954లో నీటి త్రిక బిందువును, అనగా మంచు, నీరు, ఆవిరి కలిసి నిలిచే స్థితిని, 273.16గా నిర్ణయించి ఈ మానాన్ని స్థిరపరచారు. ఆ స్థితి సెల్సియస్‌లో 0.01 డిగ్రీ, మార్పిడిలో 273.15 రావడానికి కారణమిదే. 1967లో ప్రమాణానికి కెల్విన్ అని పేరు ఖాయం చేశారు. అందువల్ల 300 డిగ్రీల కెల్విన్ అనక 300 కెల్విన్లు అనాలి. 2019 మే 20 నుండి నీటితో కూడా నిమిత్తం లేకుండా, బోల్ట్స్‌మన్ స్థిరాంకం విలువను ఖాయపరచి కెల్విన్‌ను నిర్వచిస్తున్నారు.