మరియ కూర్చున్న చోటు

లేఖన పఠనము: లూకా 10:38–42



మార్త పనిలో తొందరపడుచుండగా మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండెను. అది శిష్యులు కూర్చుండు చోటు. ప్రభువు ఆమెను లేపి పొయ్యియొద్దకు పంపలేదు. ఈ భాగమును ధ్యానించునప్పుడు తెలుగు సోదరి యొకరు మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. ఆమె క్రైస్తవురాలు కారు. అయినను ఆమె జీవితము మనకు బుద్ధి చెప్పును.

భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. చిన్నతనమందే తండ్రి గతించెను. పదియేండ్లకే పెండ్లి యయ్యెను. ఎవరును ఆమెను బడికి పంపలేదు. భర్తగారి ఉద్యోగమునుబట్టి మన ఆదిలాబాదుకు ఉత్తరమున, పెన్‌గంగ కావల, మధ్యపరగణాలలో కాపురముండిరి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు వారి యింటనుండి చదువుకొనుచుండగా, ఆమె అతని ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకొనిరి. కన్న బిడ్డలిద్దరును చనిపోయినను ఆమె పుస్తకమును విడువలేదు.

స్త్రీకి బుద్ధి తక్కువ, చదివిన స్త్రీ చెడిపోవును అని ఆ దినములలో పెద్దలు వాదించుచుండిరి. అచ్చమాంబగారు 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించి, మన దేశపు రాణుల, విదుషీమణుల చరిత్రలతో వారికి జవాబిచ్చిరి. లోపము స్త్రీ పుట్టుకలో లేదు, ఆమెకు విద్య నియ్యకపోవుటలో నున్నదని చూపిరి. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజమును స్థాపించినవారిలో ఆమె యొకరు.

చదువు స్త్రీని సేవకు దూరము చేయునని భయపడువారు ఆమె అంతమును చూడవలెను. ఆమె అనాథ పిల్లలను తన యింట చేర్చుకొనిరి. ప్లేగు వచ్చినప్పుడు రోగులకు పరిచర్య చేసి, ఆ రోగమే తగిలి, 1905లో ముప్పదియేండ్ల ప్రాయమున కన్నుమూసిరి. మరియవలె నేర్చుకొనిన ఆమె మార్తవలె సేవచేసిరి.

ప్రియులారా, మన సంగతి యేమి? నాట్లు వచ్చినను, తునికాకు కాలము వచ్చినను, చంటి తమ్ముని ఎత్తుకొనవలసినను, బడి మాన్పించునది ఆడపిల్లనే. బీడీల చేట ఆమె ఒడిలో పెట్టి, పుస్తకము ఆమె అన్న చేతికిచ్చుచున్నాము. సంఘకాపరులమైన మేమును నిర్దోషులము కాము. గుడి ఊడ్చుట, పండుగ వంట స్త్రీలకు అప్పగించి, లేఖనము చదువు పని పురుషులకే ఉంచితిమి.

ఈ మాసము ప్రతి ఆదివారము లేఖన పాఠమును మన బాలికలలో ఒకరిచేత చదివింతము. చదువరాని తల్లులకు కూతుళ్లే సాయంకాల ప్రార్థనలో బైబిలు చదివి వినిపింతురు గాక. ప్రభువు మరియయొద్దనుండి తీసివేయనిదానిని, మనము మన కుమార్తెలయొద్దనుండి తీసివేయకుందుము గాక. ఆమేన్.