కొండలకు మెట్లు కట్టించిన అద్దంకి ప్రభువు

నల్లపాడు: గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో నల్లపాడు దాటాక చాలాదూరం నేల చదునుగానే ఉంటుంది. రెండు వైపులా పత్తి చేలు, మిరప తోటలు, పంట చేతికొచ్చే రోజుల్లో ఎర్రగా పరచిన మిరప కల్లాలు కనబడతాయి. పేరేచర్ల కూడలి గడిచి ఫిరంగిపురం సమీపించేసరికి ఎడమచేతి వైపున ఒక కొండల వరుస ఆకాశానికి అడ్డుగోడలా లేస్తుంది. అదే కొండవీడు. ఈ కొండలకూ, ఇక్కడికి ఆగ్నేయంగా ఉన్న సముద్ర తీరానికీ, పడమట నల్లమల అడవిలోని శ్రీశైల, అహోబల క్షేత్రాలకూ ఒకే పేరుతో సంబంధం ఉంది. ఆ పేరు ప్రోలయ వేమారెడ్డి. రెడ్డి రాజ్య స్థాపకుడిగా పాఠ్యపుస్తకాలకెక్కిన ఈ ప్రభువు నడిచివెళ్లే యాత్రికుల కోసం కొండలకు మెట్లు కట్టించిన దాతగానూ ప్రసిద్ధుడు.

ఓరుగల్లు కూలిన తరువాత

1323లో ఢిల్లీ సుల్తాను సైన్యాలకు ఓరుగల్లు కోట లొంగిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడు. రెండు శతాబ్దాలకు పైగా తెలుగు నేలను పాలించిన కాకతీయ వంశం దానితో అంతరించింది. రాజు పోవడమొక్కటే ఆనాటి విపత్తు కాదు. అగ్రహారాలు అన్యాక్రాంతమయ్యాయి. దేవాలయాలలో ఉత్సవాలు నిలిచిపోయాయి. బాటలలో రక్షణ కరువై వర్తకులూ యాత్రికులూ ఊరు దాటడానికి జంకే పరిస్థితి ఏర్పడింది.

ఆ కల్లోలంలో గోదావరి ప్రాంతాన ముసునూరి ప్రోలయనాయకుడు, అతని తరువాత కాపయనాయకుడు నాయకులను కూడగట్టి ఢిల్లీ సేనలను తరిమే ప్రయత్నం సాగించారు. కృష్ణకు దక్షిణాన అదే పనికి పూనుకున్నవాడు వేమారెడ్డి. కాకతీయుల కొలువులో సైనికవృత్తి నెరిపిన పంట రెడ్ల కుటుంబం ఆయనది. 1325 ప్రాంతంలో అద్దంకిని కేంద్రంగా చేసుకొని స్వతంత్రుడయ్యాడు.

ఈ వంశంలో వేములు అనేకులు. తండ్రి ప్రోలయ పేరు ముందు చేర్చి ఈయనను ప్రోలయ వేముడన్నారు. ఈయన తరువాత అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి కొండవీటిని ఏలారు. రాజమహేంద్రవరంలో అధికారం చేపట్టిన కాటయవేముడు మరొకడు. ఒకరి ఘనత మరొకరికి అంటగట్టడం జనశ్రుతిలో పరిపాటిగా మారింది. యోగి వేమనను సైతం ఈ వంశీకుడిగా చెప్పే కథ ఉంది కానీ, ఆయన రెడ్డి రాజుల తరువాత చాలాకాలానికి, బహుశా పదిహేడో శతాబ్దిలో, జీవించాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

గుండ్లకమ్మ ఒడ్డున రాజధాని

కొండవీటి బురుజుల మీద నిలిచి కింది మైదానాన్ని చూసే సందర్శకులలో చాలామంది ఇదే వేమారెడ్డి రాజధాని అనుకుంటారు. వాస్తవానికి ఆయన కొలువు అద్దంకిలో ఉండేది. కొండవీటి దుర్గాన్ని ఆయన పటిష్ఠం చేయించాడని చెబుతారు. రాజధానిని ఇక్కడికి తరలించినవాడు మాత్రం ఆయన కుమారుడు అనవోతారెడ్డి అన్నది చరిత్రకారులలో అధికుల నిర్ణయం.

అద్దంకిని ఎంచుకోవడంలో మంచి లెక్క ఉంది. ఊరి పక్కనే గుండ్లకమ్మ పారుతుంది. ఆ నది నల్లమలలో పుట్టి, కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా మైదానంలోకి దిగి, ఒంగోలుకు దిగువన బంగాళాఖాతంలో కలుస్తుంది. వేమారెడ్డి రాజ్య స్వరూపం కూడా దాదాపు అదే. ఒక కొస నల్లమలలో, మరొక కొస సముద్రంలో. నది దారినే ఎగువకు వెళితే అడవి, పుణ్యక్షేత్రాలు. దిగువకు వెళితే రేవులు, ఉప్పు, ఓడల మీద వచ్చే సరకు. మధ్యలో నల్లరేగడి భూములు.

తీరం వైపు పనిని ఆయన తమ్ముడు మల్లారెడ్డి నెత్తిన వేసుకున్నాడు. అన్న సేనలకు నాయకత్వం వహించి మోటుపల్లి రేవును స్వాధీనం చేసుకున్నవాడు ఆయనే. ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న ఈ చిన్న పల్లె ఒకప్పుడు తెలుగువారి ముఖ్య ఓడరేవు. కాకతి గణపతిదేవుడు 1244లో ఇక్కడే అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఆ ఆచారాన్ని గణపతిదేవుడు మాన్పించి, ముప్పయింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని విదేశీ వర్తకులకు హామీ ఇచ్చాడు. పదమూడో శతాబ్ది చివర వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రేవు పేరుతోనే రాజ్యాన్ని వర్ణిస్తూ ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని నూలుబట్టలను మెచ్చుకున్నాడు. పత్తి సీమకు ఆ కీర్తి అంత పాతది. ఓరుగల్లు పతనంతో ఆ రేవుకు అండ లేకుండా పోయింది. మల్లారెడ్డి విజయంతో సముద్రపు సుంకం తిరిగి తెలుగు ప్రభువు బొక్కసానికి చేరే దారి ఏర్పడింది. శ్రీశైలంలోనూ అహోబలంలోనూ రాళ్లు పరచడానికి అయిన ఖర్చులో ఆ ఆదాయం పాలు కూడా ఉండే ఉంటుంది.

నల్లమలలో రాతి బాట

వేమారెడ్డి పేరు జనం నోట నిలవడానికి యుద్ధాల కన్నా సోపానాలే ప్రధాన కారణం. శ్రీశైల మల్లికార్జునుడిని, అహోబల నరసింహుడిని దర్శించడం ఆ కాలంలో ప్రాణాలకు తెగించే పని. ఊళ్ల సంగతి సరే, అడవిలో దినాల తరబడి నడక. పులుల భయం, దొంగల భయం, నీటి ఎద్దడి. వీటన్నిటినీ దాటి కొండ మొదటికి చేరినా, జారుడు బండల మీదుగా ఎక్కడం వృద్ధులకు, పిల్లలతో వచ్చే తల్లులకు సాధ్యమయ్యేది కాదు. కాశీకి వెళ్లినవాడు కాటికి వెళ్లినవాడితో సమానమన్న మాట పుట్టిన రోజులకు నల్లమల యాత్ర కూడా ఏమీ తీసిపోదు.

రాజులు ఆలయాలకు భూములిచ్చారు, గోపురాలెత్తారు, బంగారు కలశాలు పెట్టించారు. వేమారెడ్డి దృష్టి గుడి దాకా రాలేక కింద నిలిచిపోయే మనిషి మీద పడింది. శ్రీశైలానికి, అహోబలానికి ఆయన మెట్ల దారులు కట్టించాడు. స్వయంగా శివభక్తుడై ఉండీ నరసింహ క్షేత్రానికి అదే శ్రద్ధతో పని చేయించడం గమనించదగిన విషయం. శైవ వైష్ణవ వివాదాలు చల్లారని ఆ శతాబ్దంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే పాత కాలిబాటలో నేటికీ రాతిమెట్లు కనబడతాయి. ఆ ప్రాంతంవారు వాటిని రెడ్డి రాజుల నాటివంటారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, తిరిగి కైలాసద్వారానికి ఎక్కే చోటనే ఆ మెట్ల విలువ తెలుస్తుంది. అవి లేకపోతే అక్కడ చేతులతో పాకాల్సిందే. ఎక్కడం పూర్తయ్యాక వెనుదిరిగి చూస్తే తాను నడిచివచ్చిన అడవి అంతా యాత్రికుడి పాదాల కింద పచ్చని దుప్పటిలా పరచుకొని ఉంటుంది. శ్రీశైలానికి మోటారు రోడ్లు వచ్చాక ఈ దారి మూతపడలేదు. ఉగాదికి కన్నడ భక్తులు, శివరాత్రికి తెలుగు భక్తులు వేల సంఖ్యలో ఇప్పటికీ దీని మీదుగానే నడిచి వెళుతున్నారు.

ఈ పని ఆయనతో ఆగిపోలేదు. మెట్లు కట్టించడం ఒక పుణ్యకార్యంగా తరువాతి ప్రభువులకూ అలవాటైంది. పధ్నాలుగో శతాబ్ది చివర విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయల రాణి విఠలాంబ శ్రీశైల ఆలయం నుంచి కృష్ణానదిలోని పాతాళగంగకు దిగడానికి సోపానాలు వేయించింది. రెడ్డి రాజులకూ విజయనగరానికీ సరిహద్దు తగాదాలు ఎన్నడూ తెగలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం వారి దారి ఒకటే.

శాసనాలలో వేమారెడ్డి బిరుదులు పుష్కలంగా దొరుకుతాయి. ధర్మ ప్రతిష్ఠాపన గురువని, భూదానంలో పరశురాముడంతటివాడని ఆయనను కీర్తించారు. పోయిన అగ్రహారాలను తిరిగి ఇప్పించాడు గనుక ఆ పొగడ్తకు ఆధారం లేకపోలేదు. బండలు చెక్కి, అడవిలో మోసుకెళ్లి, ఏటవాలు మీద కదలకుండా కూర్చిన శిల్పుల, వడ్డెరల పేర్లు అలా దొరకవు. ఏడు వందల ఏళ్ల వానలకు తట్టుకున్నది వారి పనితనం.

తమ్ముడు తెచ్చిన కవి

అద్దంకి కొలువుకు ఎర్రాప్రగడ రావడం తెలుగు సాహిత్యంలో పెద్ద ఘట్టం. పాకనాటి నుంచి వచ్చిన ఆ కవిని మల్లారెడ్డి అన్నకు పరిచయం చేశాడని హరివంశ అవతారిక వల్ల తెలుస్తోంది. రేవును గెలిచి ఇచ్చిన తమ్ముడే కవిని కూడా తెచ్చి ఇచ్చాడన్నమాట. ఎర్రన రచించిన రామాయణం, హరివంశం రెండూ వేమారెడ్డికే అంకితమయ్యాయి. రామాయణం కాలగర్భంలో కలిసిపోయింది. హరివంశం మిగిలింది. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసి కవిత్రయంలో స్థానం పొందిన మహాకవి ఎర్రనే. ప్రబంధ పరమేశ్వరుడని ఆయనకు పేరు. ఆయన నృసింహపురాణం మాత్రం ఏ రాజుకూ దక్కలేదు. ప్రభువు మెట్లు కట్టించిన అహోబల క్షేత్ర స్వామికే కవి దానిని సమర్పించాడు.

కొండ మీదకు చేరిన కొలువు

1353 ప్రాంతంలో వేమారెడ్డి మరణించాడు. అప్పటికి పరిస్థితులు మారిపోయాయి. 1336లో విజయనగరం, 1347లో బహమనీ రాజ్యం పుట్టాయి. ఒకవైపు గుల్బర్గా, మరొకవైపు హంపి. మైదానంలోని అద్దంకి ఇక సురక్షితం కాదని అనవోతారెడ్డి గ్రహించినట్లుంది. శత్రువు రాకను దూరం నుంచే పసిగట్టగల ఎత్తయిన కొండవీటికి కొలువును మార్చాడు. తండ్రీ పినతండ్రీ సాధించిన తీరాన్ని ఆయన విస్మరించలేదు. 1358లో మోటుపల్లిలో మరొక శాసనం వేయించి, ఆ రేవులో స్థిరపడే వర్తకులకు భూములు ఇస్తామని, వారసులు లేనివారి ఆస్తిని రాజు లాగుకునే పద్ధతిని రద్దు చేస్తున్నామని, సుంకాలు తగ్గిస్తున్నామని ప్రకటించాడు. వేమారెడ్డి మరో కుమారుడు అనవేమారెడ్డి శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. అయితే నల్లమల క్షేత్రాల మీద రెడ్ల పట్టు ఎక్కువకాలం నిలవక విజయనగరం పరమైంది. 1424 నాటికి కొండవీటి రెడ్డి రాజ్యమే ముగిసింది. కొండవీడు గజపతుల చేతికి వెళ్లి, 1515లో శ్రీకృష్ణదేవరాయలకు లొంగింది.

చూడదలచినవారికి

కొండవీడు గుంటూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో, పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. నల్లపాడు మీదుగా ఫిరంగిపురం చేరి అక్కడి నుంచి వెళ్లవచ్చు. పైకి ఘాట్ రోడ్డు ఉంది గనుక పెద్దవారికీ ఇబ్బంది లేదు. కాళ్లలో సత్తువ ఉన్నవారికి పాత మెట్ల దారి ఉండనే ఉంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే మూడు జలాశయాలున్నాయి. కొండ మీద సైన్యం నెలల తరబడి నిలవగలిగిందంటే ఈ నీటి చలువే. చెరువుల గట్ల వెంట నడక తేలిక. బురుజుల వైపు మాత్రం రాళ్లు రప్పలు ఎక్కువ. ఎండ ముదరకముందే ఎక్కి, దృశ్యం చూసి దిగిపోవడం మేలు. శీతాకాలపు ఉదయాలలో పొగమంచు విడిపోతుంటే కింద ఒక్కొక్క ఊరూ, ఒక్కొక్క చెరువూ బయటపడడం చూడవచ్చు. పంట కోతల రోజుల్లో మిరప కల్లాలు ఎర్రని ముగ్గుల్లా కనబడతాయి.

మోటుపల్లికి వెళ్లదలచినవారు విజయవాడ – చెన్నై రైలు మార్గంలోని చినగంజాం స్టేషనులో దిగవచ్చు. గణపతిదేవుని శాసన స్తంభం అక్కడి వీరభద్రాలయంలో ఉంది. గుడి చూసి తూర్పుగా నడిస్తే ఇసుక మొదలవుతుంది. మల్లారెడ్డి గెలిచిన రేవులో ఇప్పుడు ఓడలు లేవు, చేపల పడవలే తిరుగుతుంటాయి.