వేళ్ల చప్పుడుకు వెరవని విద్వాంసుడు – ఆంద్రేస్ సెగోవియా

గిటారు నేర్చుకునే ప్రతి ఒక్కరినీ మొదట్లో ఇబ్బంది పెట్టేది ఒక చప్పుడు. ఎడమచేతి వేళ్లు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జరిగేటప్పుడు లావు తీగల మీద 'కీచు'మంటుంది. మన వార్షికోత్సవ వేదిక మీద మైకు ముందు వాయించేవారికి అది మరీ గట్టిగా వినిపిస్తుంది. పక్కవాళ్లు నవ్వుతారు. ఇక మనకు ఈ విద్య రాదేమోనని మనం అనుకుంటాం. అలా అనుకునే మిత్రులందరూ తెలుసుకోవలసిన జీవితం ఆంద్రేస్ సెగోవియాది.

సెగోవియా 1893 ఫిబ్రవరి 21న స్పెయిన్ దేశంలోని లినారెస్ పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులకు దూరమై బంధువుల ఇంట పెరిగాడు. తర్వాత గ్రనడా నగరం చేరాడు. అక్కడే గిటారు మీద మనసు పడింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో గిటారు అంటే సారా అంగళ్లలో, వీధుల్లో వాయించే వాద్యమని పెద్దమనుషుల చిన్నచూపు. పియానో, వయొలిన్‌లకు ఉన్న గౌరవం దానికి లేదు. ఇటువంటి చిన్నచూపు మన డప్పుకూ తప్పలేదని మనలో చాలామందికి ఇంటి దగ్గరే తెలుసు.

నేర్పే గురువు లేకపోవడంతో సెగోవియా తనకు తానే గురువు, తనకు తానే శిష్యుడు అయ్యాడు. దొరికిన సంగీత పుస్తకాలు చదివి సాధన చేశాడు. 1909లో, పదహారేళ్ల వయసులో, గ్రనడాలో తొలి కచేరీ ఇచ్చాడు. 1912లో మాడ్రిడ్ వెళ్లాడు. కచేరీకి తగిన గిటారు లేక, మాన్యుయెల్ రమీరెజ్ అనే పేరుపొందిన గిటారు తయారీదారు దుకాణానికి అద్దెకు అడగడానికి వెళ్లాడు. ఆ యువకుని వాయింపు విన్న రమీరెజ్ డబ్బు తీసుకోకుండానే గిటారు చేతికిచ్చాడని సెగోవియా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ గిటారు తర్వాత న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరింది.

ఇక ఆ చప్పుడు సంగతి. సెగోవియా వాయించిన రకం గిటారుకు ఆరు తీగలు. కింది మూడు సన్నని తీగలు నున్నగా ఉంటాయి కాబట్టి వాటి మీద చప్పుడు తక్కువ. పై మూడు లావు తీగలకు లోపల పోగులు, వాటి చుట్టూ సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది. వేలు జారినప్పుడు ఆ చుట్లను ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతుంది. మిల్లీమీటరుకు నాలుగు చుట్లు ఉన్నాయనుకుందాం. వేలు సెకనుకు 25 సెంటీమీటర్ల వేగంతో జారితే 1000 చుట్లు దాటుతుంది. అందుకే ఆ సన్నని కూత. వేలు వేగం పెరిగితే కూత స్థాయి కూడా పెరుగుతుంది. దీనిలో వాయించేవాడి చేతగానితనం కంటే తీగ కట్టుబడి పాత్రే ఎక్కువ.

సెగోవియా యౌవనంలో సన్నని తీగలను జంతువుల పేగుతో చేసేవారు. అవి తేమకు శ్రుతి తప్పేవి, తొందరగా తెగేవి. లావు తీగలకు పట్టుపోగుల మీద లోహం చుట్టేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పేగు శస్త్రచికిత్స కుట్లకు అవసరమై తీగలకు కరువు వచ్చింది. అప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే పనివాడు నైలాన్‌తో తీగలు చేశాడు. సెగోవియా వాటిని వాయించి చూసి, ప్రోత్సహించి, వాడుకలోకి తెచ్చాడు. నేడు ప్రపంచమంతటా ఆ రకం గిటార్లకు ఎక్కువగా నైలాన్ తీగలే. కానీ లావు తీగల మీద లోహపు చుట్టు పోలేదు, చప్పుడూ పూర్తిగా పోలేదు.

ఆ చప్పుడుతోనే సెగోవియా ప్రపంచాన్ని గెలిచాడు. 1924లో పారిస్‌లో, 1928లో న్యూయార్క్‌లో వాయించాడు. 1935లో పారిస్‌లో, బాఖ్ వయొలిన్ కోసం రాసిన కష్టతరమైన 'షకోన్'ను గిటారు మీద వినిపించాడు. విల్లా-లోబోస్, పోన్సె, రోద్రిగో వంటి స్వరకర్తలు ఆయన కోసం రచనలు చేశారు. వేలమంది కూర్చున్న హాలులోనూ ఆయన మైకు పెట్టించుకోలేదు. గిటారు స్వరం చిన్నది కాబట్టి శ్రోతలే నిశ్శబ్దంగా ఉండేవారు. ఒకనాడు అంగళ్ల గోలలో మునిగిపోయిన వాద్యం కోసం హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. ఆయన రికార్డులు వింటే నేటికీ వేళ్లు జారిన చప్పుడు అక్కడక్కడ వినిపిస్తుంది. దానివల్ల ఆయన కీర్తికి వచ్చిన లోటు ఏమీ లేదు.

అయితే అజాగ్రత్తను ఆయన క్షమించలేదు. స్వరస్థానాల సాధనకు 1953లో ప్రత్యేక పుస్తకం ప్రచురించాడు. తొంభై ఏళ్లు దాటినా కచేరీలు ఆపలేదు. 1987 జూన్ 2న మాడ్రిడ్‌లో కన్నుమూశాడు.

గిటారు పట్టే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే. వేలును ఈడ్చుకుంటూ పోకుండా, ముందు నొక్కుడు వదిలి, తీగ మీద నుంచి నిటారుగా ఎత్తి, తర్వాత జరపండి. వీలైనచోట నున్నని సన్న తీగ ఆసరాతో జరపండి. చేతుల చెమట తుడుచుకోండి. సగం చప్పుడు అక్కడే పోతుంది. మిగిలిన సగం వేళ్లు పనిచేస్తున్న చప్పుడు. దానికి సిగ్గుపడి గిటారు కింద పెట్టవద్దు.