ఊపిరికి స్వరం కూర్చిన గడియారాల పనివాడు

కోనసీమలో మామిడికుదురు పరిసరాల కొబ్బరితోటల్లో ఆడుకునే పిల్లలకు సంగీతశాస్త్రం తెలియకపోవచ్చు గాని, వాద్యనిర్మాణం కొంత తెలుసు. పచ్చి కొబ్బరాకును ఈనె తీసి చుట్టలుగా చుట్టి, సన్నని మొనను పెదవుల నడుమ అదిమి ఊదితే అది బూరయై పలుకుతుంది. ఊపిరి తాకిడికి ఆకు అంచులు అదరడమే ఆ నాదానికి మూలం. ఆకుకు బదులు పలుచని ఇత్తడి రేకును అదిరించే ఒక చిన్న వాద్యాన్ని దేశదేశాల సామాన్యుల జేబులకు చేర్చినవాడు మత్తియాస్ హోనర్. మౌత్ ఆర్గాన్‌ను చేత పట్టినవారిలో పెక్కుమంది దాని పైరేకు మీద ఆయన పేరు చదివే ఉంటారు. ఆయన జీవితం మాత్రం మన పాఠశాలల్లో అంతగా పరిచితం కాదు.

హోనర్ 1833 డిసెంబరు 12న, జర్మనీ నైరుతి భాగాన ఆనాటి వుర్టెంబర్గ్ రాజ్యంలోని ట్రోసింగెన్‌లో జన్మించాడు. అది చలి ఎక్కువ, సేద్యపు ఫలం తక్కువ అయిన మిట్టప్రాంతం. భూమి పెట్టని కూడు చేతిపనులు పెట్టాలి గనుక, అక్కడివారు నేత, గడియారాల తయారీ వంటి వృత్తులను ఆశ్రయించారు. హోనర్ కూడా గడియారాల పనివాడయ్యాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నడవని యంత్రాలతో నిత్యం మెలగిన ఆ వేళ్ల నేర్పే తరువాత ఆయనకు పెట్టుబడి అయింది.

మౌత్ ఆర్గాన్ ఆయన కనిపెట్టినది కాదు. చట్రంలోని సందులో ఒక కొస బిగించిన రేకు, చట్రాన్ని తాకకుండా అటూఇటూ ఊగి పలికే పద్ధతి చైనా దేశపు షెంగ్ అనే వాద్యంలో అతిప్రాచీన కాలం నుంచీ ఉన్నది. ఐరోపాలో ఆ సూత్రంతో నోటితో ఊదే చిన్న వాద్యాలు 1820ల దశకంలో వెలువడ్డాయి. వియన్నా నుంచి వచ్చిన అటువంటి వాద్యాన్ని చూసి, ట్రోసింగెన్‌లో క్రిస్టియన్ మెస్నర్ అనే నేతపనివాడు వాటిని తయారుచేయసాగాడు. మెస్నర్ కుటుంబం ఆ విద్యను రహస్యంగా కాపాడుకొన్నది. హోనర్ వారి కర్మశాలకు వెళ్లి, పనిని నిశితంగా గమనించి, గ్రహించవలసినది గ్రహించాడు. ఆయన ఉద్దేశం కనిపెట్టి వారు బయటికి పంపివేశారని చెబుతారు. మహనీయుల చరిత్రలో ఇటువంటి ఘట్టాలను దాచడం అలవాటే గాని, దాచినందువల్ల విద్యార్థులకు ఒరిగేదేమీ లేదు. ఆయన ఆరంభం పరుల విద్యను చూసి నేర్చినదే.

1857లో హోనర్ సొంతంగా పని ప్రారంభించాడు. తొలి ఏడు తయారైనవి 650 వాద్యాలు. భార్య అన్నా ఆయనకు కుడిభుజమై పనిలోను, వ్యవహారంలోను సమాన భారం వహించింది. అది ఆ ప్రాంతపు పేదలు బ్రతుకుతెరువు కోసం అమెరికాకు తరలిపోతున్న కాలం. హోనర్ బంధువులు, ఊరివారు కొందరు అప్పటికే అక్కడికి చేరారు. 1862లో ఆయన తన వాద్యాలను ఆ దేశానికి పంపనారంభించాడు. పొలాల్లో పనిచేసేవారికీ, ఇంటికి దూరమైనవారికీ పియానో ఎక్కడిది? జేబులో ఇమిడే ఈ వాద్యం వారికి తోడైంది. 1880 ప్రాంతంలో ఆవిరియంత్రం, రేకులను కోసే యంత్రాలు కర్మాగారంలో ప్రవేశించాయి. 1887 నాటికి ఏడాది ఉత్పత్తి పది లక్షలకు చేరింది. అయితే ఆ చౌకధర ఊరకే లభించలేదు. కూర్పు పనిలో చాలాభాగం చుట్టుపట్ల ఇళ్లలో కూలికి సాగేది. స్త్రీల శ్రమ, పిల్లల శ్రమ కూడా ఆ లక్షల లెక్కలో కలిసి ఉన్నాయి.

ఆ వాద్యపు అమరిక ఆలోచించదగినది. రంధ్రాలు పది, రేకులు ఇరవై. ప్రతి రంధ్రంలోను ఊదినప్పుడు పలికే రేకు ఒకటి, పీల్చినప్పుడు పలికేది మరొకటి. మన పరిభాషలో చెప్పాలంటే వాద్యం మొత్తం శంకరాభరణ స్వరాలలో కూర్చినది. ఊదితే షడ్జ గాంధార పంచమాలు పలుకుతాయి. ఎన్ని రంధ్రాలు కలిపి ఊదినా అపశ్రుతి రాదు. సంగీతం నేర్వనివాడు కూడా ఊదగలగడానికి కారణం ఇదే. కాని ఈ సౌలభ్యానికి మూల్యం ఉన్నది. కింది స్థాయిలో మధ్యమం, చతుశ్రుతి ధైవతం అసలే లేవు. అంటే శంకరాభరణమే ఆ స్థాయిలో పూర్తిగా పలకదు. 1896లో వెలువడి లోకమంతా వ్యాపించిన మెరీన్ బ్యాండ్ అనే నమూనాలోను ఈ కొరత ఉన్నది.

కొరతను తీర్చినవారు వాదకులు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని నీగ్రో జాతి కళాకారులు, రంధ్రం నుంచి గాలి పీల్చేటప్పుడు నాలుకను, కంఠాన్ని ఒక విధంగా మలిస్తే స్వరం కిందికి వంగుతుందని గ్రహించి, దానిని ఒక మహాకళగా పెంచారు. రెండవ రంధ్రంలో పంచమాన్ని వంచితే మధ్యమం వస్తుంది. మూడవ రంధ్రంలో నిషాదాన్ని వంచితే ధైవతం వస్తుంది. ఒకే గదిలో ఉన్న రెండు రేకులు ఒకదాని ప్రభావానికి మరొకటి లోబడడం వల్ల ఇది సాధ్యమవుతున్నది. కర్మాగారం ఇవ్వని స్వరాన్ని ఊపిరి ఇచ్చింది. అందులోని జాలి, మూలుగు, జారు ఏ యంత్రం బిగించి ఇచ్చినవీ కావు.

హోనర్ 1900లో సంస్థను తన అయిదుగురు కుమారులకు అప్పగించి, 1902 డిసెంబరు 11న, అరవైతొమ్మిదేళ్లు నిండడానికి ఒక్కరోజు ముందు, పుట్టిన ఊరిలోనే కన్నుమూశాడు. స్వరాల కొరతను యంత్రంతో తీర్చే యత్నం ఆయన అనంతరం విస్తరించింది. 1920ల దశకంలో ఆయన సంస్థ, పక్కన మీట గల వాద్యాలను ప్రచారంలోకి తెచ్చింది. మీట నొక్కితే లోపలి జారుడుపట్టీ కదిలి, ప్రతి స్వరమూ అర్ధస్వరం పైకి లేస్తుంది. స్వరాల వరుసను కూడా మార్చి పన్నెండు స్వరస్థానాలనూ ప్రతి స్థాయిలో నింపిన వాద్యాలు కచేరీ వేదికకు ఎక్కాయి. లారీ ఆడ్లర్ కోసం ఆంగ్ల స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1951లో ప్రత్యేకంగా ఒక రచన చేశాడు.

పాత పది రంధ్రాల వరుసను అలాగే ఉంచి, దానికే మీట అమర్చిన వాద్యాలు మరొక తెగ. హోనర్ సంస్థ కోక్ అనే పేరుతో వెలువరించినది ఈ కోవలోనిదే. ఇందులో రేకులు నలభై. మీట నొక్కగానే గాంధారం మధ్యమమవుతుంది. ఒక కొరత తీరింది. పంచమం శుద్ధ ధైవతమవుతుంది, నిషాదం షడ్జమవుతుంది. చతుశ్రుతి ధైవతం మాత్రం ఈ రెంటి నడుమ ఉండిపోతుంది. దానికి మళ్లీ ఊపిరినే ఆశ్రయించాలి. పైగా పట్టీ స్వేచ్ఛగా కదలాలంటే చుట్టూ కించిత్తు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోంచి గాలి జారిపోయి నాదం పలుచబడుతుంది. గాలి వృథా కాకుండా రేకులకు పలుచని కవాటాలు అతికిస్తే నాదం బలపడుతుంది గాని, జంటరేకుల పొత్తు చెడి స్వరం మునుపటివలె లోతుగా వంగదు. ఉమ్మితడికి పట్టీ అంటుకుపోవడం మరొక చిక్కు. బిగువు పెంచితే కదలిక తగ్గుతుంది, కదలిక పెంచితే నాదం తగ్గుతుంది. గడియారాల పనివాని వారసులు వెంట్రుకవాసి లెక్కలతో పెనగులాడినది ఈ రెంటి మధ్యనే.

ఈ వివాదం తెలుగువారికి కొత్తది కాదు. మన పద్యనాటకానికి ప్రాణంగా నిలిచిన హార్మోనియం కూడా ఇదే జాతి రేకులతో పలుకుతుంది. 1842లో పారిస్‌లో దెబాఁ హక్కు పొందిన ఆ వాద్యం కలకత్తాలో చేతితిత్తి రూపం ధరించి మన రంగస్థలానికి వచ్చింది. దాని మెట్లు గమకానికి లొంగవనే వాదంతో ఆకాశవాణి 1940లో దానిని ప్రసారాల నుంచి తొలగించగా, ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. వంగని స్వరం మన చెవికి ఎందుకు చాలదో సంగీతం పాఠంలో చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయునికి, హార్మోనియం పక్కన పది రంధ్రాల చిన్న వాద్యం ఉంచడం కంటె మంచి సాధనం లేదు.

హోనర్ సంగీత విద్వాంసుడుగా గాని, నూతన సూత్రాలు కనిపెట్టిన శాస్త్రజ్ఞుడుగా గాని చరిత్రలో నిలవలేదు. పదిమందికీ అందే ధరకు, పదిమందీ ఊదగలిగే వాద్యాన్ని, ఏడాదికేడాది నాణ్యత చెడకుండా చేసి పంపినవాడుగా నిలిచాడు. ఆయన వదిలిన రెండు స్వరాల ఖాళీని నింపడానికి ఒకవైపు యంత్రజ్ఞులు, మరొకవైపు నిరుపేద గాయకులు తరాల తరబడి శ్రమించారు. ట్రోసింగెన్‌లోని హార్మోనికా ప్రదర్శనశాలలో ఆ వాద్యాలు వరుసలుగా కొలువుతీరి ఉన్నాయి. మీట ఉన్నవి, లేనివి, కవాటాలు ఉన్నవి, లేనివి, అన్నీ అక్కడ మౌనంగానే ఉంటాయి; వాటిలో ఏది మేలో తేల్చవలసినది వాటిని పెదవికి చేర్చేవాని ఊపిరి.